మేత ఎక్కడుందో తేనెటీగ ఎలా చెబుతుంది?



ఈ సంచికకు ఏదైనా రాయమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు మొదట తప్పించుకోవాలని చూశాను. జకాత్ గురించి, పిల్లల చదువుల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు బడిపిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. నాకు తెలిసింది రాస్తానంటే సరేనన్నారు. అందుకే ఈసారి తేనెటీగల సంగతి. దీని వెనక ఒక కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే నా మనసు కుదుటపడదు.

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు, ప్రొద్దుతిరుగుడు పూతలో ఉన్న రోజులు. దేవనకొండకు దగ్గరలోని ఒక ఊర్లో, మసీదు పక్కనున్న నీళ్ల ట్యాంకు అడుగున కొండ తేనెటీగలు పట్టు పెట్టాయి. చాటంత పట్టు. దాన్ని కప్పుకుని వేల ఈగలు. మా బంధువుల ఇల్లు దానికి ఎదురుగానే. మూడు రోజులు వాళ్ల మిద్దె మీద కూర్చుని దుర్భిణీతో ఆ పట్టునే చూశాను. నాలుగో రోజు ఇషా నమాజు తర్వాత పెద్దలు కూర్చున్నారు. ఆ దారినే పిల్లలు అరబీ చదువుకు వస్తారు. "ఒకటి కుడితే ఏం కాదు సార్. అన్నీ లేచినాయంటే పిల్లోల్ల గతేంది?" అని ఒకాయన అడిగాడు. ఆ భయం న్యాయమైనదే. నేను కొంచెం ఆగుదామని నసిగాను గానీ గట్టిగా చెప్పలేదు. ఆ రాత్రే గడ్డి కాగడా పెట్టి కాల్చేశారు. తేనె ఏమన్నా మిగిలిందా అని చూస్తే పట్టు నిండా తెల్లటి పిల్ల పురుగులే. తేనె రెండు చెంబులు కూడా రాలేదు. పొద్దున ఫజర్‌కు వచ్చినవాళ్లు చచ్చిన ఈగల మీద నడిచిపోవాల్సి వచ్చింది.

ఆ మూడు రోజుల్లో నేను చూసిందేమిటో ఆ కూటంలో చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను.

పట్టు కింది అంచులో ఒక మూల ఎప్పుడూ సందడిగా ఉంటుంది. మేతకు పోయే ఈగలు అక్కడి నుంచే లేస్తాయి, అక్కడే వాలుతాయి. బయటి నుంచి వచ్చిన ఒక ఈగ ఆ గుంపులో దూరి, పొట్టను అటూ ఇటూ వేగంగా ఊపుతూ ఒక చిన్న గీత మేర తిన్నగా నడుస్తుంది. గీత చివర కుడివైపు తిరిగి మొదటి చోటికి వస్తుంది. మళ్లీ అదే గీత, మళ్లీ ఊపు. ఈసారి ఎడమవైపు తిరిగి వస్తుంది. 8 అంకె దిద్దినట్టు ఉంటుంది చూసేవాళ్లకు. పక్కనున్న నాలుగైదు ఈగలు మీసాలు దానికి తాకిస్తూ వెంటపడి తిరుగుతాయి. కాసేపటికి వాటిలో ఒకటి లేచి ఎగిరిపోతుంది. దీన్నే శాస్త్రజ్ఞులు ఊపు నాట్యం అంటారు.

ఇందులో అసలు కబురు మధ్యలో ఉన్న తిన్నని గీతలోనే ఉంది. అది ఎటు చూపుతోంది, ఎంతసేపు సాగుతోంది అన్న రెండు సంగతులు తెలిస్తే మేత ఎక్కడుందో మనమూ చెప్పవచ్చు.

దిక్కు సంగతి మన ఊరితోనే చెప్పుకుందాం. దేవనకొండ నడిబొడ్డున నిలబడితే ఎమ్మిగనూరు ఉత్తరాన, పత్తికొండ దక్షిణాన, ఆదోని పడమరన ఉంటాయి. పొద్దున్నే సూర్యుడు సరిగ్గా తూర్పున ఉన్నాడనుకోండి. పట్టు గోడలా నిలువుగా వేలాడుతోంది. దాని మీద 'పైకి' అంటే 'సూర్యుడి వైపు' అని తేనెటీగల ఒప్పందం. సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఉత్తరం మన ఎడమ చేతివైపు ఉంటుంది కదా! అందుకని ఎమ్మిగనూరు దారిలో ఉన్న చేను గురించి చెప్పే ఈగ, పైకి పోయే గీతకు ఎడమవైపు అడ్డంగా నడుస్తుంది. పత్తికొండ దారిలో చేనైతే కుడివైపు. ఆదోని వైపు చేనైతే తలకిందుగా, నేరుగా కిందికి. సాయంత్రం సూర్యుడు పడమటికి పోయాక అదే ఎమ్మిగనూరు దారి చేను కుడివైపుకు మారుతుంది. చేను కదల్లేదు, సూర్యుడు కదిలాడు. ఆ లెక్క ఈగే వేసుకుంటుంది. దానికి ఒంట్లోనే గడియారం ఉంది.

నేను చూసిన ఈగలు పొద్దున తొమ్మిది గంటలప్పుడు, గడియారంలో రెండు గంటల దగ్గర చిన్నముల్లు ఎటు ఉంటుందో అటు నడిచాయి. ఆ వేళ సూర్యుడు ఆగ్నేయాన ఉన్నాడు. అక్కడి నుంచి కుడివైపుకు అంత కోణం తిప్పి చూస్తే ఊరికి దక్షిణాన ఒక రైతు వేసిన ప్రొద్దుతిరుగుడు చేను. నడిచి వెళ్లి చూశాను కూడా. పువ్వు పువ్వుకూ ఈగ ఉంది.

దూరం సంగతి గీత సాగే సమయంలో ఉంటుంది. మేత దూరమైన కొద్దీ ఊపు ఎక్కువసేపు సాగుతుంది. పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగ ఒక సెకను ఊపిందంటే మేత సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉందని అర్థం. మరి దూరాన్ని ఈగ ఎలా కొలుస్తుంది? రెక్కల అలసటను బట్టి అని చాలాకాలం అనుకున్నారు. అది కాదు, కళ్ల ముందు నుంచి నేల, చెట్లు ఎంత వెనక్కి జరిగిపోయాయో చూసి కొలుస్తుందని తేలింది. దీన్ని చక్కగా చూపినవారిలో మండయం శ్రీనివాసన్ ఒకరు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి ఆస్ట్రేలియాలో స్థిరపడిన శాస్త్రజ్ఞుడు. ఆయన, ఆయన తోటివారు ఆరు మీటర్ల పొడవున్న ఇరుకు సొరంగం కట్టి, దాని గోడలకు చుక్కచుక్కల కాగితం అంటించి, ఈగలను దాని గుండా మేతకు పంపారు. గోడలు దగ్గరగా ఉండటంతో చుక్కలు కళ్ల ముందు గిర్రున వెనక్కి పోయాయి. ఇంటికి వచ్చిన ఈగలు దాదాపు రెండు వందల మీటర్ల దూరం వెళ్లొచ్చినట్టు నాట్యం చేశాయి. 2000 సంవత్సరంలో ఈ ఫలితం బయటికి వచ్చింది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి కంపచెట్లు పరుగెత్తినట్టు, దూరపు కొండ నిలబడినట్టు కనిపిస్తుంది చూడండి, ఆ మాయే ఇది.

ఈ భాషను మొదట చదివిన మనిషి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన కార్ల్ ఫాన్ ఫ్రిష్. 1886లో వియన్నాలో పుట్టి, జర్మనీలోని మ్యూనిక్‌లో ఆచార్యుడిగా పనిచేశారు. ఈగల వీపు మీద రంగుచుక్కలు పెట్టి, అద్దాల గోడలున్న పెట్టెలో వాటిని ఏళ్ల తరబడి చూశారు. 1920లలో ఆయన చెప్పిందేమిటంటే, గుండ్రంగా తిరిగితే మకరందం, ఊపుతూ తిరిగితే పుప్పొడి అని. అది తప్పు. ఆ తప్పును ఇరవై ఏళ్ల తర్వాత ఆయనే కనిపెట్టి ఆయనే దిద్దుకున్నారు. గుండ్రని నాట్యం దగ్గరి మేతకు, ఊపు నాట్యం దూరపు మేతకు అని 1944 నుంచి చేసిన ప్రయోగాల్లో తేలింది. పేరున్న ఆచార్యుడు తన పాత మాట తప్పని తానే రాయడం చిన్న సంగతి కాదు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటివాళ్లను తక్కువే చూశాను.

ఆ ప్రయోగాలు ఆయన చేసింది ప్రశాంతమైన రోజుల్లో కాదు. ఆయన తల్లి వైపు పూర్వీకుల్లో యూదులున్నారని నాజీ ప్రభుత్వం 1941లో ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేయాలని నిర్ణయించింది. సరిగ్గా అప్పుడే తేనెటీగలకు నొసీమా అనే కడుపు జబ్బు సోకి లక్షల పట్లు నాశనమయ్యాయి. తేనెటీగలు పోతే పండ్లతోటలు పోతాయి. యుద్ధంలో ఉన్న దేశానికి తిండి కరువు. దాంతో తేనెటీగలు తెలిసిన ఈ మనిషి కావలసివచ్చాడు, తొలగింపు వాయిదా పడింది. ఒక మనిషి విలువ అతని పుట్టుకలో వెతికిన ప్రభుత్వం చివరికి ఈగల అవసరం కోసం అతన్ని ఉండనిచ్చింది. 1973లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఆయన చూసింది చీకటి పెట్టెలో ఉండే ఐరోపా ఈగను. మన దగ్గర ఉన్న ఈగలు వేరు. మన చుట్టుపక్కల ప్రధానంగా మూడు రకాలు చూస్తాం. బండలకు, పెద్ద చెట్లకు, ట్యాంకులకు ఒకే పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ ఒకటి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టుల వరుస పెట్టే పుట్ట తేనెటీగ రెండోది. కంపచెట్టు కొమ్మకు అరచేయంత పట్టు చుట్టే చిన్న ఈగ మూడోది. ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950లలో శ్రీలంకకు వచ్చి ఈ మూడింటినీ చూశాడు. మూడూ నాట్యం చేస్తాయి గానీ చిన్న ఈగ పద్ధతి వేరు. దాని పట్టు కొమ్మను చుట్టుకుని ఉంటుంది, పైన చదునైన అరుగులా ఉంటుంది. ఆ అరుగు మీదే నాట్యం. అక్కడ 'పైకి అంటే సూర్యుడు' అన్న ఒప్పందం అక్కర్లేదు. ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మేత ఎటుంటే అటే తిరిగి నేరుగా ఊపి చూపుతుంది. దారి అడిగినవాడికి మనం చెయ్యి చాపి చూపినట్టు.

దీనికి కొనసాగింపు మనకు బాగా దగ్గరలో జరిగింది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం వారు, జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు కలిసి ఈ మూడు రకాల ఈగలను ఒకే చోట పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. చక్కెరనీళ్లను కొద్దికొద్దిగా దూరం జరుపుతూ, ఏ ఈగ ఎంతసేపు ఊపుతోందో లెక్కపెట్టారు. ఒకే దూరానికి పుట్ట తేనెటీగ అందరికంటే ఎక్కువసేపు ఊపింది, తర్వాత చిన్న ఈగ, అన్నిటికంటే తక్కువ కొండ తేనెటీగ. అంటే ఒకే భాషలో మూడు యాసలు. కారణం కూడా చూపారు. కొండ తేనెటీగ మిగతావాటికంటే చాలా దూరం మేతకు పోతుంది. అది పుట్ట తేనెటీగలా సాగదీసి చెబితే ఒక్క కబురుకే పొద్దుపోతుంది. దగ్గర్లో తిరిగేదానికి సాగదీసి వివరంగా చెప్పే వీలుంది. ఊరి పటానికీ జిల్లా పటానికీ స్కేలు వేరుగా ఉంటుందే, అలాగన్నమాట. కొండ తేనెటీగ వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు పోతుందన్నది మరో విశేషం.

ఈగ తెచ్చే కబురు దిక్కూ దూరంతో ఆగిపోదు. ఆ మేత ఎంత మంచిదో కూడా చెబుతుంది. మకరందం చిక్కగా, తీయగా ఉంటే ఎక్కువసార్లు నాట్యం చేస్తుంది. పలుచగా ఉంటే రెండు చుట్లు తిరిగి ఊరుకుంటుంది, లేదా అసలు ఏమీ చెప్పదు. వంటికి అంటిన పూవాసన, నోటితో పంచిన చుక్క తోడవుతాయి. చూసిన ఈగ కూడా ఆ మాట గుడ్డిగా నమ్మదు. తానూ వెళ్లి చూస్తుంది. బాగుంటేనే వచ్చి తానూ నాట్యం చేస్తుంది, లేకపోతే ఆ కబురు తనతోనే ఆగిపోతుంది. అందుకే చేను పూత అయిపోగానే దాని గురించి నాట్యాలు కూడా వాటంతటవే తగ్గిపోతాయి. ఆజ్ఞ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. రాణి ఈగ గుడ్లు పెడుతుందే గానీ పెత్తనం చేయదు.

నీళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. మన ఎండాకాలంలో పట్టు వేడెక్కితే పిల్ల పురుగులు చచ్చిపోతాయి. ఈగలు నీళ్లు తెచ్చి పట్టు మీద చిలకరించి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. ఎన్ని నీళ్లు కావాలో తెచ్చే ఈగకు ఎలా తెలుస్తుంది? లిండావర్ కనిపెట్టింది ఇదే. ఇంట్లో అవసరం ఉంటే, నీళ్లతో వచ్చినదాని దగ్గరికి మిగతావి ఎదురొచ్చి గబగబా అందుకుంటాయి. అప్పుడది నాట్యం చేసి ఇంకొన్నింటిని పంపుతుంది. అవసరం తీరాక ఎవరూ త్వరగా అందుకోరు. ఎదురుచూసి ఎదురుచూసి అది మానేస్తుంది. సాయం చేసేవాడు తన సంచి బరువును కాకుండా అవతలి చేయి ఎంత త్వరగా అందుకుంటోందో చూడటం — సొసైటీ పని చేసేవాళ్లకు ఇది ఎందుకో గుర్తుండిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద వెడల్పాటి మూకుడులో నీళ్లు పోసి, ఈగలు మునగకుండా నాలుగు గులకరాళ్లు వేసి పెట్టండి. నేను పెడుతున్నాను, వస్తున్నాయి.

ఈ నాట్యం పుట్టుకతోనే వస్తుందని మొన్నమొన్నటి దాకా అనుకున్నారు. 2023లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు ప్రచురించిన పని చూశాక ఆ మాట సగమే నిజమని తెలిసింది. పెద్ద ఈగలు లేకుండా ఒకే ఈడు పిల్ల ఈగలతో పట్టులు తయారుచేశారు. వాటికి నాట్యం చూసి నేర్చుకునే అవకాశమే లేదు. అవి సమయానికి నాట్యం మొదలుపెట్టాయి గానీ దిక్కు తడబడింది, దూరం తప్పింది. కొన్నాళ్లకు దిక్కు సర్దుకుంది. దూరం మాత్రం వాటి బతుకంతా తప్పుగానే చెప్పాయి. పెద్దల వెనక తిరిగి చూసిన పిల్ల ఈగలకు ఈ కష్టం రాలేదు.

ఇప్పుడు మన చేల దగ్గరికి వద్దాం. ప్రొద్దుతిరుగుడు గింజ కట్టాలంటే ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకు చేరాలి. గాలికి ఆ పని సరిగ్గా కాదు, పుప్పొడి బరువుగా జిగటగా ఉంటుంది. తేనెటీగలు లేని చోట, పూత దశలో పొద్దున పూట మెత్తటి గుడ్డతో పువ్వు పువ్వునూ రుద్దమని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతారు. ఎకరం చేను అలా రుద్దడానికి ఎంతమంది కూలీలు కావాలో, సగం ఊరు గుంటూరు మిరప కోతలకు వలస పోయిన రోజుల్లో వాళ్లు ఎక్కడ దొరుకుతారో మీకు తెలుసు. విత్తనం కోసం వేసే ఉల్లిదీ ఇదే కథ. రైతు కూలి ఇవ్వకుండా ఈ పని చేసిపెట్టే ఈగలను రాత్రి కాల్చి, పగలు గుడ్డతో పూలు రుద్దుకుంటే ఎలా?

మందు కొట్టే వేళ ఇంకో సంగతి. ఈగలు పొద్దునే చేను చూసి, ఇంటికి వెళ్లి చెప్పి, మిగతావాటిని వెంట తెస్తాయి. పది గంటలకు పూలున్న చేనులో పురుగుమందు కొడితే, పొద్దున ఎంత బాగా నాట్యం చేసిందో అంత ఎక్కువ ఈగలు విషంలోకి వచ్చినట్టే. పచ్చదోమకు వాడే ఇమిడాక్లోప్రిడ్ సంగతి మరీ తమాషా. చంపలేనంత కొద్ది మోతాదు అందినా ఈగల నాట్యం బాగా తగ్గిపోయిందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2012లో చూపారు. ఈగ బతికే ఉంటుంది, మేతకూ పోతుంది. ఇంటికొచ్చి చెప్పడమే తగ్గిస్తుంది. ఇది కళ్లకు కనిపించే నష్టం కాదు కాబట్టి ఎవరూ లెక్కలో వేసుకోరు. పూత మీదున్నప్పుడు వీలైనంతవరకు మందు కొట్టకపోవడం మంచిది. తప్పదంటే ఈగలు ఇంటికి పోయాక, పొద్దుగూకే వేళ కొట్టాలి.

పవిత్ర ఖుర్ఆన్‌లో 16వ సూరాకు తేనెటీగ పేరే ఉందని మీకు తెలుసు. అందులో తేనెటీగ ఇళ్ల ప్రస్తావన కొండలతో మొదలై, చెట్ల మీదుగా, మనుషులు కట్టే కట్టడాల దాకా వస్తుంది. మన ఊళ్లలో ఈ మూడు చోట్లా అవి కనిపిస్తాయి. చీమ, తేనెటీగ, హుద్‌హుద్ పిట్ట, సురద్ పిట్ట, ఈ నాలుగింటిని చంపవద్దని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించినట్టు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. సైన్సును గ్రంథంలో వెతికి చూపించే అలవాటు నాకు లేదు. కానీ ఆ రాత్రి కూటంలో ఈ ఒక్క హదీసు గుర్తుచేసి ఉంటే సరిపోయేది. కోణాలు, సెకన్లు అక్కర్లేకపోయేవి.

ఈ ఏడు పూత రోజుల్లో అదే ట్యాంకు కింద మళ్లీ పట్టు పడింది. కొండ తేనెటీగలు కాలాన్నిబట్టి వలసపోతాయి, నచ్చిన చోటికే మళ్లీ వస్తాయి. అయితే కాలిపోయినవి ఎలాగూ రావు, ఇవి వేరేవి. ఈసారి కబురు తెలియగానే వెళ్లి, ఇమాం సాబ్‌తో, పెద్దలతో మాట్లాడాను. "ఎన్ని రోజులుంటాయి సార్?" అని పోయినసారి అడిగినాయనే అడిగాడు. పూత అయిపోతే వాటంతటవే పోతాయని చెప్పాను. రాత్రి వెలుతురుకు ఈ ఈగలు లేచి వస్తాయి కాబట్టి ట్యాంకు దగ్గర లైటు తీసేయించాం. పిల్లలను వెనక వీధి నుంచి రమ్మన్నాం. రాయి విసిరినవాడికి ఏం జరుగుతుందో ఇమాం సాబే వాళ్లకు చెప్పారు. దక్షిణపు చేను రైతు మాత్రం నన్ను దారిలో ఆపి, "సాయంత్రం కొడితే మందు పనిచేస్తాదా సార్, లేక మంచుకు పోతాదా?" అని అడిగాడు. పనిచేస్తుందన్నాను. నమ్మాడో లేదో గానీ సాయంత్రమే కొట్టాడు.

నెలన్నర తర్వాత ఒక రోజు పొద్దున ఫోను వచ్చింది, పట్టు ఖాళీ అని. ఎవరినీ కుట్టలేదు. కొండ తేనెటీగలు వలసకు ముందు కూడా నాట్యం చేస్తాయి. ఆ గీతలు మామూలు మేత నాట్యంలో కంటే చాలా పొడుగ్గా సాగుతాయి. చివరి రెండు రోజులు నేను చూడలేకపోయాను. చదువుకు వచ్చే పిల్లల్లో ఒకడు మాత్రం దూరం నుంచి చూశాడట. ఎటు నడిచాయిరా అంటే చెయ్యి పైకెత్తి కొద్దిగా ఎడమకు వంచి చూపించాడు. ఎన్ని గంటలప్పుడు చూశావురా అని అడిగితే మాత్రం గుర్తులేదన్నాడు.